కొండయు సైకిలును నవలయు

గృహిణి యైన స్త్రీకి తన కొఱకే తాను చేసికొను పని యొకటి యుండవచ్చునా యని గడచిన శ్రావణమాసపు పేరంటమున నొక బంధువురాలు మమ్మడిగినది. ఆమె మాటలో నెత్తిపొడుపు కొంత లేకపోలేదు. ఏలయన నంతకు నాలుగు దినముల ముందు మేము మోచేతికి కట్టుతో సైకిలు త్రోసికొనుచు బజారువీధిని నడచివచ్చుట యామె చూచియుండెను. పసుపు పూసిన పాదములతో, చేత శనగల పొట్లముతో కూర్చుండి మే మప్పు డేమియు జవాబు చెప్పలేకపోతిమి. ఇంటికి వచ్చిన తరువాత చెప్పదగిన మాటలన్నియు తోచినవి. వానినే సోదరీమణుల యెదుట నిచ్చట పెట్టుచున్నాము.

మా కాపురము మదనపల్లె చేరువ నొక గ్రామమున. మావారు ఉన్నతపాఠశాలలో నుపాధ్యాయులు. మేము బడికి పోయి చదివినవారము కాము. గోదావరితీరమున మా తాతగారి యొద్ద నమరమును, రఘువంశమును, పిమ్మట తిక్కన పెద్దనలను చదువుకొంటిమి. ఆయన పాఠము చెప్పునది తెల్లవారుజామున. వెలుగు వచ్చిన పిమ్మట మేము వంటయింటిలోనికి పోవలసినదే. కాబట్టి చదువనగా నితరులు నిద్రలేవక మునుపు చేసికొను పని యను భావము చిన్ననాటనే మాకు నాటుకొన్నది. నేటికిని మా వ్యాపకములు మూడును ఆ వేళకే తగిలియున్నవి.

మా పెరటిగోడ మీదుగా చూచిన దూరమున నీలిరంగున నొక కొండ కనబడును. అదియే హార్సిలీకొండ. కడప కలెక్టరుగా నుండిన డబ్ల్యు. డి. హార్సిలీ యను దొర 19వ శతాబ్దమున దానిపై వేసవివిడిది కట్టించుకొనుటచే నా పేరు వచ్చినది. మదనపల్లె యప్పుడు కడపజిల్లాలోనిది. చిత్తూరుజిల్లా యేర్పడినది 1911లో. దొర రాకమునుపు జనులు దానిని ఏనుగుమల్లమ్మకొండ యనుచుండిరి. మల్లమ్మ యను బాలికను ఏనుగులు పెంచిన వనియు, ఆమె కొండవాసుల రోగములు మాన్పుచుండె ననియు, ఒకనా డెవరికిని చెప్పక కనుమరు గయ్యె ననియు కథ. ఆమె గుడి నేటికిని గలదు. మా యూరి వృద్ధులు కొందరు హార్సిలీ యనుటకు నోరు తిరుగక మల్లమ్మకొండ యనియే యందురు. మాకును ఆ పేరే ప్రియము. ఏనుగులు పెంచిన పిల్లను సాయంకాలము వేళకు ఇల్లు చేరుమని గద్దించినవా రెవరును ఉండియుండరు గదా!

నాలుగేండ్ల క్రిందట రెండవ కానుపు తరువాత మా యారోగ్యము సన్నగిల్లినది. మేడమెట్లు పది యెక్కిన నాయాసము. రాత్రి నిద్ర లేదు. పగలు కారణము లేకయే కన్నీరు. వైద్యురాలు పరీక్షించి, మందు కొంత వ్రాసియిచ్చి, మిగిలినది నడకతో తీరవలె ననిరి. ఊరివీధులలో నడచిన, "ఎక్కడికమ్మా?" యని ప్రతి గుమ్మము నడుగును, ఎక్కడికిని కాదన్న నెవరును నమ్మరు. మావా రొక ఆదివారము తెల్లవారకమునుపే స్కూటరు మీద కొండక్రిందికి గొనిపోయి, "ఇచ్చట నడిగెడివారు కోతులు మాత్రమే" యనిరి. ఆ దినమున మేము రెండు మలుపులకు మించి పోలేకపోతిమి. మూడవ మలుపున రాతిమీద కూర్చుండి క్రింద పొలములలో దీపము లారిపోవుట చూచితిమి. పైకి చేరుటకు నాలుగు మాసములు పట్టినది.

ఆ కొండ యెత్తు సముద్రమట్టమునకు 4,000 అడుగులకు పైమాట. మదనపల్లెయే 2,000 అడుగులకు మించిన మెట్టపై నుండుటచే మేము నిజముగా నెక్కునది అందు సగమునకు కొంచెము తక్కువ. వేయి మీటర్లెత్తున కించుమించు ఆరు డిగ్రీల చొప్పున గాలి చల్లబడును గనుక, పైన క్రిందికంటె మూడు నాలుగు డిగ్రీలు తక్కువ. ఎండకాలమున ఆ మూడు డిగ్రీలకై జనులు కార్లలో వత్తురు. గాలిబండ యను రాతికొమ్ముపై నిలిచిన చీరచెంగు పట్టుకొనుటయే యొక పని. నీలగిరిచెట్ల వాసన త్రోవ పొడవునను తోడుగా వచ్చును.

నడువగోరు సోదరీమణులకు మా యనుభవమున తెలిసినది కొంత చెప్పెదము. ఎక్కునప్పుడు మాటలాడ గలిగినంత వేగమున మాత్రమే పోవలెను. మాట తెగినచో నడక తగ్గింపవలెను. ఎక్కుట గుండెకు పని, దిగుట మోకాళ్లకు పని. మరునాడు తొడలు పట్టుట యెక్కినందుకు గాదు, దిగినందుకు. దిగునప్పుడు అడుగు చిన్నదిగా వేసి, మోకాలు కొంచెము వంచి, వీలైన కఱ్ఱ నూతగా కొనవలెను. మా యత్తగారి మోకాళ్లు చెడినవి కొండలవలన గాదు, ఏబదియేండ్లు నేలపై కూర్చుండి లేచుటవలన. అయినను ఆమె యుదాహరణము చూచి మేము దిగునప్పుడు తొందరపడము. సంచిలో నీళ్లు, వేరుశనగ ఉండలు, ఒక తువ్వాలు. అంతకు మించి మోయుట యనవసరము.

కొండలు చూడవలెనను వేడుక మన సాహిత్యమున క్రొత్తది గాదు. మనుచరిత్రములోని ప్రవరు డెవడు? ఇంట తల్లిదండ్రులు, భార్య, అగ్నిహోత్రము నుండగా, సిద్ధు డిచ్చిన పసరు కాళ్లకు పూసికొని హిమాలయమును చూడబోయిన గృహస్థుడు. అతనికి మంచుకొండతో నేమి పని? ఏమియు లేదు. చూడవలెనని పోయినాడు. మంచున పసరు కరగిపోయి తిరిగిరాలేక చిక్కుపడినాడు. మా తాతగారు ఈ ఘట్టము చెప్పునప్పు డెల్లప్పుడును ప్రవరుని నిష్ఠనే మెచ్చుకొనెడివారు; అతడు వినోదమునకై యిల్లు విడిచెనని యొక్కనాడును తప్పుపట్టలేదు. ఆ యిల్లాలే పసరు పూసికొని పోయియున్నచో ప్రబంధ మెట్లుండెడిదో! ఈ ప్రశ్న అప్పుడే తాతగారి నడుగవలసినది. ధైర్యము చాలలేదు.

ఇల్లాండ్రును పోయినారు. జపానుదేశమున జుంకో తాబే యను నామె 1969లో స్త్రీల పర్వతారోహణ సంఘమును స్థాపించి, 1975 మే 16వ తేదిని ఎవరెస్టు శిఖర మెక్కిన మొదటి స్త్రీ యైనది. అప్పటి కామె కూతురు మూడేండ్లది. ధనసహాయమునకై పోయిన చోట, స్త్రీలు బిడ్డలను పెంచుకొనుట మేలని చెప్పి పంపినారట. ఆమె పియానో పాఠములు చెప్పి సొమ్ము కూర్చుకొని, పాతకార్ల ఆసనముల బట్టలతో చేతితొడుగులు కుట్టుకొని పోయినది. శిఖర మెక్కుటకు పండ్రెండు దినముల ముందు మంచుచరియ విరిగి గుడారములపై పడగా షెర్పాలు కాళ్లు పట్టి యామెను వెలికి లాగిరి. ఆ కుట్టుపని మాట చదివినప్పుడు మాకు కలిగిన సంతోషము శిఖరపు మాట చదివినప్పుడు కలుగలేదు. సూదియు దారమును పట్టిన చేయి గనుక మన చేయివలె నున్నది.

మన తెలుగుబిడ్డయే మాలావత్ పూర్ణ. నిజామాబాదుజిల్లా పాకాల గ్రామపు కూలివారి కూతురు. గురుకుల పాఠశాలలో చదువుచు, భువనగిరి రాతిగుట్టపై మొదట అభ్యాసము చేసి, 2014 మే 25వ తేదిని పదునాలుగేండ్లు నిండకయే ఎవరెస్టు నెక్కినది. మా పెద్దమ్మాయి వయ స్సిప్పుడు పదుమూడు. ఈ సంగతి మా యింట పలుమారులు వచ్చుటకు కారణ మున్నది. దానికే వచ్చుచున్నాము.

పెద్దమ్మాయి యున్నతపాఠశాల మా యింటికి ఐదు కిలోమీటర్లు. ఆమె సైకిలుమీద పోయి వచ్చుచుండెను. గడచిన సంవత్సర మామె పెద్దమనిషి కాగా, ఇక సైకిలు కూడదని అత్తగారు చెప్పిరి. ఏమి దోషమన్న, "ఏమో తల్లీ, మా కాలమున లేదు" అనిరి. కోపముతో గాదు, భయముతో ననిన మాట. మావారు తల్లికి నెదురు చెప్పలేక, కూతునకు మనసు కష్టపెట్టలేక, "చూతము" అని యూరకుండిరి. రెండువారములు సైకిలు వసారాలో గోడకు చేరగిలబడి యుండెను. బస్సు వచ్చిన బడి, లేనినాడు లేదు.

అప్పుడు మేము సైకిలు నేర్చుకొంటిమి. తల్లి తొక్కుచుండగా కూతును మానుమనుట కష్టమని మా యూహ. ముప్పదియైదవయేట నేర్చుకొనుట నవ్వులాట గాదు. తెల్లవారుజామున బడియావరణములో పెద్దమ్మాయి వెనుక పట్టుకొన, మేము తొక్కితిమి. ఆమెయే గురువు, మేము శిష్యురాలము. "క్రిందికి చూడకమ్మా, పోవలసినవైపు చూడుము" అని యామె నూరుమారులు చెప్పవలసివచ్చెను. చూచినవైపునకే బండి పోవును. రాతిని చూచిన రాతికే పోవును. మూడువారములకు కుదురు వచ్చినది. అమెరికాలో ఫ్రాన్సిస్ విల్లర్డు అను మద్యనిషేధ నాయకురాలు తన యేబదిమూడవయేట దినమున కొక పావుగంట చొప్పున మూడు మాసములు నేర్చుకొని, ఆ యనుభవమును 1895లో పుస్తకముగా ప్రకటించినది. ఆమెకంటె మేము చురుకైనవారమే యని మావారితో ననగా, "ఆమెకు చీర యడ్డము లేదు, గౌను మాత్రమే" అనిరి. మేము నిజము చెప్పవలెనన్న పంజాబీదుస్తులతోనే నేర్చుకొంటిమి. అదియు వేఱొక తగవు.

మన దక్షిణదేశముననే ఇది జరిగినది. తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో 1991 ప్రాంతమున అక్షరాస్యతోద్యమముతో పాటు సైకిలునేర్పుటయు నొక పాఠముగా పెట్టిరి. పొలములలో కూలిచేయువారు, రాతిగనులలో పనిచేయువారు, పల్లెటూరి దాదులు వేలకొలది నేర్చుకొనిరి. బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లిచ్చుట మొదలిడిన పిమ్మట బడికి పోవు బాలికల సంఖ్య పెరిగినది. ఈ రెండు సంగతులును మేము అత్తగారికి చెప్పితిమి. "వాళ్లకు గతిలేక" అనిరి. అయినను పెద్దమ్మాయి సైకిలు వసారా దిగినది.

నేర్చిన తరువాత కొండ యూరకుండనీయలేదు. పర్వతములపై తొక్కు సైకిలు వేఱు. 1970 ప్రాంతమున కాలిఫోర్నియాలో కొందరు యువకులు పాత బరువు సైకిళ్లను కొండలపైకి చేర్చి మట్టిదారుల దిగజారుచు ఆ వినోదము మొదలిడిరి. 1976లో వారు పందెములు పెట్టిన యొక త్రోవకు "రీప్యాక్" అను పేరు వచ్చిన కారణము విచిత్రము. వెనుకకు తొక్కిన నాగెడి ఆ బ్రేకులు దిగునప్పటి రాపిడికి కాలి, లోని కొవ్వు పొగయై పోయెడిది. ప్రతి దిగుడు తరువాతను విప్పి మరల కొవ్వు నింపవలసివచ్చెడిది. ఆ యవస్థనుండియే క్రొత్త బండ్లు, లావుపాటి టైర్లు, గట్టి బ్రేకులు పుట్టినవి.

మావారు మాకై వాడిన గేరుసైకి లొకటి తెచ్చిరి. సాధారణపు సైకిలున ముందు పళ్లచక్రమునకు 44 పళ్లు, వెనుక 18 ఉండును. పెడలు ఒకమారు త్రిప్పిన చక్రము రెండున్నరమార్లు తిరుగును. చదును నేలపై లాభమే గాని, ఎక్కుడున అది కాలిని విరుచును. గేరుబండిలో గొలుసును ముందు 22 పళ్లదానికిని వెనుక 34 పళ్లదానికిని మార్చినచో, ఒక త్రిప్పునకు చక్రము ముప్పాతిక చుట్టైనను తిరుగదు. బండి నత్తవలె పోవును, కాని పోవును. పెద్ద బరువును చిన్న చిన్న పాళ్లుగా మోయుట. నెలజీతముతో సంసారము నడుపువారికి ఈ సూత్రము వేఱుగ బోధింప బనిలేదు.

ఆషాఢము చివరి ఆదివారమున ఘాటురోడ్డు తొమ్మిది పది కిలోమీటర్లును ఎక్కితిమి. నడుమ నాలుగుచోట్ల దిగి త్రోసితిమి. మావారు పెద్దమ్మాయిని వెనుక నెక్కించుకొని స్కూటరుపై మెల్లగా వెంట వచ్చుచుండిరి. ఎక్కుట ముగిసినది. ప్రవరునివలెనే మాకును చిక్కు తిరుగుదారిలోనే వచ్చినది. అంతకుముందు దినమే యొక అంగడిలో వెనుక బ్రేకునకు క్రొత్తతీగ వేయించియుంటిమి. మర బిగియలేదు. దానిని మేమును పరీక్షించి చూడలేదు. మూడవ మలుపున పిడి నొక్కగా తీగ జారి పిడి చేతికంటుకొన్నది. ముందు బ్రేకు మాత్రమే మిగిలెను. దానిని గట్టిగా నొక్కిన బండి తలక్రిందులగు నని పెద్దమ్మాయి నేర్పిన పాఠము జ్ఞప్తికి వచ్చి, కొంచెము కొంచెముగా నొక్కుచు, నడుము వెనుకకు త్రోసి, లోయవైపు గాక కొండవైపు కాలువలోనికి బండిని త్రిప్పితిమి. పడితిమి. మోచేతి చర్మము పోయినది, మడమ బెణికినది. అంతకుమించి లేదు.

అంతకుమించి లేదని యిప్పుడు వ్రాయుచున్నాము గాని, రాళ్లపై వెల్లకిల పడియున్న ఆ క్షణమున మాకు తోచినది నాలుగేండ్ల చిన్నవాని ముఖము. దానిని దాచుట న్యాయము గాదు. వినోదమునకై బిడ్డలను తల్లిలేనివారిని చేయబోతిమి గదా యను మాట ఇతరు లనకమునుపే మేమే యనుకొంటిమి. పెద్దమ్మాయి పరుగెత్తివచ్చి సీసాలోని నీళ్లు గాయముపై పోసి, "కొండవైపే త్రిప్పినావు గదమ్మా" అన్నది. గురువు శిష్యురాలిని మెచ్చుకొన్నట్లు. ఆ తరువాత ఏడ్చినది. కొండదిగువ నొక టమాటాలబండివాడు దయతో మమ్మును సైకిలును ఎక్కించుకొని బజారువీధి మొదట దింపెను.

అత్తగా రేమియు ననలేదు. గాయము కడిగి, పసుపు పూయబోగా మేము వలదని మందు చూపితిమి. మరునాటి యుదయమున, "అమ్మాయి బస్సులో పోవలె" అని మాత్ర మనిరి. ఆ వారము రెండు దినములు బస్సు రాలేదు. పెద్దమ్మాయికి రెండు దినములు మొదటి పాఠము పోయినది.

మడమ వలన మేము పదిదినములు పీటపై కూర్చుండవలసినవార మైతిమి. వంట అత్తగారిది. అప్పుడు మూడవ వ్యాపకము బయటపడినది. నవలలు చదువుట మేము దాచి చేయుపని. తాతగారు నవలను కావ్యముగా నంగీకరింపలేదు. ఆయనకు తెలియనిదేమనగా, మా పొరుగు కన్నడదేశమునను మహారాష్ట్రమునను నవలకు పేరే "కాదంబరి". బాణభట్టు కూడ కథ ముగింపకయే పోగా కుమారుడు పూర్తిచేసెను; తరువాత నేమగునో యను నాతురత ఆ యింటనే పుట్టినదేమో. వీరేశలింగము పంతులుగారు 1878లో పత్రికలో వెలువరించి 1880లో పుస్తకముగా నచ్చువేయించిన రాజశేఖరచరిత్రమును వచనప్రబంధ మనిరి. అది ధవళేశ్వరపు కొండయొద్దనే మొదలగును. మాకది పుట్టింటి కొండ. 1887లో దాని నింగ్లీషున భాగ్యచక్ర మను నర్థము గల పేరుతో వెలువరించిరి. చక్రము మమ్ము నచ్చటను విడువలేదు.

నవలలన్నియు నొక్కతీరు గావు. ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి రాయవేలూరు చెరసాలలో వ్రాసినది. గదిదాటి నడువరాని మనుష్యుడు ఒక పల్లెనంతయు నడిపించినాడు. వేయిపడగలు గొప్పదే, కాని దానిని సంచిలో పెట్టుకొని కొండ యెక్కువారు మాకంటె బలవంతులు. కొన్ని నవలలు చదివినందుకు పశ్చాత్తాపమును కలిగినది. వాని పేర్లు చెప్పము. కొండపై చదువుటకు చిన్నవి మేలు. కాలు నడుచునప్పుడు మనసు తననే తాను నమలుకొనును, నవల చదువునప్పుడు మాత్రము వేఱొకరి యింట తిరిగి వచ్చును. ఆ కన్నీటి దినములలో మాకు మందునకు సమానముగా పనిచేసిన దిదియే.

పీటపై కూర్చుండి మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము చదువుకొనుచుండగా మాకు నవ్వు వచ్చినది. "ఏమిటే యది?" అని అత్తగారు పొయ్యియొద్దనుండి అడిగిరి. ఆమె కంట శుక్లము, అక్షరములు కనబడవు. గట్టిగా చదివితిమి. మొగలితుర్రు పిల్లవాడు రైలెక్కి, ఓడయెక్కి సీమకు పోవు వైనమున ఆమె గరిటె పట్టుకొనియే నవ్విరి. మరునాడు కూరగాయలు తరుగుచు, "ఆ పిచ్చివా డెంతవరకు పోయినాడు?" అని తామే యడిగిరి. ఐదవనాడు మాత్రము హఠాత్తుగా, "వీడు ఇంట చెప్పియే బయలుదేరినాడా?" అనిరి. మేము పుట త్రిప్పితిమి.

ఆమె నవ్వినది గనుక సైకిలు నొప్పుకొన్నదని చదువరు లనుకొనరాదు. ఒప్పుకొనలేదు. కట్టు విప్పిన సోమవారమున బస్సు వేళ మించినది. పెద్దమ్మాయి సంచి భుజమున వేసికొని వసారాలో సైకిలుప్రక్కన నిలుచుండెను. మావారు వార్తాపత్రికలోనుండి తల యెత్తలేదు. అత్తగారు తులసికోటకు నీళ్లు పోయుచు, అటు తిరుగకయే, "బ్రేకు చూచుకొమ్మను" అనిరి.

మేము లేచి కుంటుచు పోయి రెండు పిడులును నొక్కి చూచితిమి. ముందుది సరిగానే యున్నది. వెనుకదాని మర సగముచుట్టు బిగించి పంపితిమి.